పేరు చెక్కిన రూపాయి

మా ఊళ్ళో పది రూపాయల బిళ్ళ చెల్లదు. ఎవరు చెల్లదన్నారో ఎవరికీ తెలీదు. ప్రభుత్వం అచ్చు వేసింది, బ్యాంకు పుచ్చుకుంటుంది, చెల్లుతుందని పేపర్లో ఎన్నోసార్లు వేశారు. అయినా పటమటలో పూలమ్మే ముసలమ్మ దగ్గర్నుంచి కారు దిగిన పెద్దమనిషి దాకా అందరిదీ ఒకటే మాట: "అది తీసుకోవట్లేదండీ." ఎవరు తీసుకోవట్లేదయ్యా అంటే, "ఎవరూ తీసుకోవట్లేదండీ." ఎవరూ అంటే నువ్వే కదా అంటే మొహం అటు తిప్పుకుంటాడు. మళ్ళీ ఈ మనుషులే, అమ్మవారి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళ లక్షలు పలుకుతుందని ఫోన్లో ఎవడో చెబితే, ముందుగా కొంత రుసుము కట్టమంటే కూడా కట్టి, బిళ్ళని బీరువాలో చీరల మధ్య దాచుకుంటారు. పదిని పది అని నమ్మనివాడు ఐదుని లక్ష అని నమ్ముతాడు. వీళ్ళ మధ్య నేను ఇన్నేళ్ళు టీ అమ్మాను. నాకు మెడల్ ఇవ్వాలి.

నా కొట్టు మెయిన్ రోడ్డుకి ఒక సందు లోపల ఉంటుంది. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా పొట్లాలు కట్టడానికి కిలోల లెక్కన కొన్న పాత పేపర్లూ, చిరిగిన పుస్తకాలే. సగం కథ, సగం వ్యాసం, జవాబులు చిరిగిపోయిన లెక్కల పుస్తకం. అలా చదువుకున్నవాడికి ఒక అలవాటు వస్తుంది. ఎవరైనా సగం చెప్పి ఆపితే, మిగతా సగం ఏదయ్యా అని అడగకుండా ఉండలేడు. ఈ అలవాటు వల్ల నాకు స్నేహితులు తక్కువ.

కొట్లోకి చిల్లర ఒక భాయి తెచ్చిపెడతాడు. పాత పేపరు ముక్కలో రూపాయలు రూపాయలుగా, రెండ్లు రెండ్లుగా పేర్చి, బొటనవేలంత లావున చుట్టి, రెండు చివర్లూ లోపలికి మడుస్తాడు. మేం వాటిని చుట్టలంటాం. ఈ స్కాన్లు వచ్చాక గిరాకీలో సగం ఫోను చూపించి పోతోంది గానీ, ఆటోవాళ్ళూ కూలిపనికెళ్ళేవాళ్ళూ ఇంకా చేత్తోనే ఇస్తారు, చేత్తోనే పుచ్చుకుంటారు. పొద్దున రద్దీ తగ్గాక చుట్టలు విప్పి పళ్ళెంలో పోసి, అరిగినవీ వంకరపోయినవీ రంగు మారినవీ వేరు చెయ్యాలి. లేకపోతే రెండు రూపాయల బిస్కెట్టు ముంచుకుని తాగినవాడు కూడా చిల్లర తిప్పి తిప్పి చూసి, "ఇది మార్చండి" అంటాడు.

ఆ వేరుచేసే పనికి మా బావమరిది రోజూ వచ్చి కూర్చుంటాడు. నేను పిలవలేదు. వాడి ఇల్లు మా వెనక సందులో. వన్‌టౌన్లో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. బిందెలూ, గిన్నెలూ, పళ్ళేలూ కొన్నవాళ్ళకి వాటి మీద పేర్లు కొట్టిపెడతాడు, మిషనుతో. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, అది మాత్రం కాదనను. కొట్టు తీసే వేళ దాకా నా దగ్గర ఊరికే టీ తాగి, చుట్టలు విప్పి, వింతలు కనిపెట్టడం వాడి దినచర్య.

"బావా, ఇటు చూడు. వరసగా మూడు బిళ్ళలు ఒకే ఏడువి."

"ఆ ఏడు కోట్లు అచ్చేశార్రా. రాకపోతే వింత."

"అది మా పెద్దాడు పుట్టిన ఏడు!"

"నీకు ఇద్దరు పిల్లలు, ఒక పెళ్ళి, ఒక కొట్టు, ఒక మోటారు సైకిలు ప్రమాదం. ఏ ఏడు వచ్చినా నీకు ఏదో ఒకటి అయ్యే ఉంటుంది."

"నీతో ఇదే బావా. అన్నిటికీ ఎటకారం."

ఒకసారి నాకే ఒకటి తగిలింది. ఒక చుట్ట విప్పితే దాని కాగితం మీద సగం కథ ఉంది. మర్నాడు ఇంకో చుట్ట విప్పితే అదే కథ మిగతా సగం. రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే చిరుగు అతికినట్టు సరిపోయింది. మావాడు రెండు చేతులూ జోడించాడు. నేను భాయిని అడిగాను. "ఒకటే పేపరండీ, సగానికి చించి రెండు చుట్టలు చుడతాను," అన్నాడు. అంతే. అడిగితే పోయే వింతలు ఇవి. మావాళ్ళు అడగరు. అడిగితే పోతుందని వాళ్ళకీ తెలుసని నా అనుమానం.

ఇదంతా టీ పక్కన కాలక్షేపంగా ఉన్నన్నాళ్ళు భరించాను. వాడి భార్య ప్రాణం మీదికి వచ్చాక భరించలేకపోయాను.

ఆమెకి పిత్తాశయంలో రాళ్ళు. ఏడాదిగా మజ్జిగన్నమే తిండి. పడుకుంటే నొప్పి వస్తుందని గోడకి దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోతుంది. డాక్టరు తేల్చి చెప్పాడు: ఇప్పటికి రెండుసార్లు నొప్పి ముదిరి తగ్గింది, మూడోసారి రాయి జారి గొట్టానికి అడ్డం పడితే నా చేతుల్లో ఉండదు, వెంటనే తీయించుకోండి. గురువారానికి ఆపరేషను పెట్టారు. మావాడు సరేనన్నాడు. డబ్బు కట్టాడు. మేమందరం ఊపిరి పీల్చుకున్నాం.

సోమవారం పొద్దున వాడు రూపాయల చుట్ట ఒకటి విప్పి పళ్ళెంలో పోశాడు. నేను పాలు పొంగకుండా చూసుకుంటున్నాను. రోజూ వాగేవాడు ఎంతకీ నోరెత్తకపోతే వెనక్కి తిరిగి చూశాను. ఒక రూపాయి అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. నుదుటి మీద చెమట.

"ఏంట్రా?"

"రిటర్న్ వచ్చింది బావా."

తీసుకుని చూశాను. నల్లబడిన స్టీలు రూపాయి. అంచు గాడుల్లో ఎండిన బురద. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే, అంకె చుట్టూ చీమ కాళ్ళంత అక్షరాలు. అవి ఎవరి చేతివో నాకు చెప్పక్కర్లేదు, మా ఇంట్లో గిన్నెలన్నిటి మీదా ఉన్నాయి. వాడి భార్య పేరు, ఇంటిపేరు, గోత్రం. రెండో వైపు "పటమట" అని, దాని కింద "ఆపరేషన్" అని.

విషయం కక్కించాను. కిందటి నెల తెనాలి వెళ్తూ రైలు కృష్ణ వంతెన మీద ఉండగా తలుపు దగ్గర నిలబడి, ఆమె ఆపరేషను చల్లగా జరగాలని మొక్కుకుని ఆ రూపాయి నదిలో వేశాడట.

"అందరూ వేస్తార్రా. ఈ చెక్కుడేంటి?"

"అందరూ వేస్తారనే బావా. రోజుకి ఎన్ని రైళ్ళు పోతాయి ఆ వంతెన మీద! ఎవరిది ఎవరిదో ఆ తల్లికి ఎలా తెలుస్తుంది? పెళ్ళిళ్ళలో గిన్నెలు కలిసిపోకుండా పేర్లు కొట్టించుకోమూ?"

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

"కృష్ణమ్మ వద్దంది," అన్నాడు వాడు. "పుచ్చుకోలేదు. పేరు చూసుకుని నా చేతికే తిప్పి పంపింది. ఇంత స్పష్టంగా చెప్పాక కూడా కత్తి పెట్టిస్తే నా అంత మూర్ఖుడు ఉండడు."

నేను పొయ్యి తుడిచేలోపే ఆస్పత్రికి ఫోను చేసి ఆపరేషను వద్దనేశాడు. డాక్టరు పదేళ్ళు చదివి చెప్పిన మాట, స్కానింగులో తెల్లగా కనబడిన రాళ్ళు, ఏడాదిగా కళ్ళముందు పెళ్ళాం పడే నొప్పి, ఇవన్నీ ఒకవైపు. బురద పట్టిన రూపాయి ఒకవైపు. రూపాయి గెలిచింది. మా జనాన్ని ఎరిగినవాణ్ణి కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు, అసహ్యించుకున్నాను.

సాయంత్రం ఆమె కొట్టుకి వచ్చింది. కుడి డొక్క కింద చెయ్యి నొక్కుకుని బల్ల మీద కూర్చుంది. నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"విన్నారా అన్నయ్యగారూ? మీ బావమరిదిగారికి కృష్ణమ్మ పార్సెల్ పంపిందట."

"నువ్వు వెళ్ళి చేరమ్మా. పెద్దాణ్ణి తీసుకెళ్ళు. నేనూ వస్తాను. వాడితో పనేంటి?"

"వెళ్తాను. కత్తికి భయపడే దాన్ని కాదు. కానీ రేపు కుట్టు దగ్గర కాస్త చీము పట్టిందనుకోండి. పదేళ్ళ తర్వాత నాకు తుమ్మొచ్చిందనుకోండి. 'ఆ రోజే చెప్పింది, విన్నావా' అంటారాయన. పొద్దున అంటారు, అన్నం దగ్గర అంటారు, చుట్టాల ముందు అంటారు. ఆ మనిషితో నేను కాపరం చెయ్యాలి. ఆయన నోటితో ఆయన సరే అనాలి. అప్పుడు వెళ్తాను. మీరు అనిపించండి."

"వాడి చేతనా!"

"మరి ఇన్నాళ్ళూ అంత తెలివిగా మాట్లాడారు, దేనికండీ అదంతా?"

ఆస్పత్రికి నేనే ఫోను చేశాను. గురువారం ఆ వేళ ఇంకా ఎవరికీ ఇవ్వలేదన్నారు. బుధవారం సాయంత్రంలోగా చెప్పమన్నారు.

మంగళవారం పొద్దున వాణ్ణి కూర్చోబెట్టి మొదలుపెట్టాను. నా చిన్నప్పుడు ఈతగాళ్ళు నదిలో మునిగి, జనం వేసిన పైసలు పళ్ళ మధ్య కరుచుకుని పైకి వచ్చేవాళ్ళు. నేను గట్టున నిలబడి చూశాను. అప్పుడూ నదిలో వేసింది నదిలో ఉండలేదు, ఇప్పుడూ ఉండదు. ఎవరో ఒకరు తీస్తారు, తీసింది అంగళ్ళలోకి వస్తుంది, అంగట్లోంచి మన చేతికి వస్తుంది.

"ఒప్పుకుంటాను బావా. కానీ లక్షల బిళ్ళల్లో నాదే నా చేతికి ఎందుకు రావాలి?"

"నువ్వొక్కడివే పేరు రాశావు గనక! నేను చిల్లరగా ఇచ్చిన రూపాయలు నా గల్లాపెట్టెలోకి ఎన్నిసార్లు వచ్చిపోయాయో. వాటి మీద పేరు లేదు కాబట్టి నేను పలకరించలేదు."

"అదే చెప్తున్నాను. నిన్ను పలకరించలేదు. నన్ను పలకరించింది."

గోడకి తల కొట్టుకోవాలనిపించింది. కొట్టుకుంటే గోడ కూడా ఏదో చెప్పిందంటాడు.

మాటలతో కాదనిపించి కొట్టు మూసి, వాణ్ణి ఆటో ఎక్కించి రైలు వంతెన కిందికి తీసుకెళ్ళాను. అక్కడ మోకాలి లోతు నీళ్ళలో ఒకాయన, నడివయసు మనిషి, పాత స్పీకర్లలో ఉండే గుండ్రటి అయస్కాంతాలు నైలాను తాడుకి కట్టి విసురుతున్నాడు. విసిరి, నేల మీద ఈడ్చి, పైకి లాగి చూస్తే, వాటికి మేకులూ, సీసా మూతలూ, వాటి మధ్య రూపాయలూ రెండు రూపాయలూ పట్టుకుని వేలాడుతున్నాయి. వాటిని పీకి డబ్బాలో వేసుకుంటున్నాడు.

"ఇవన్నీ ఏం చేస్తారండీ?" అని నేనే అడిగాను, మావాడు వినాలని.

"బురద కడిగి సంచిలో వేస్తానండి. వారం వారం ఒక భాయి వచ్చి పట్టుకుపోతాడు. పటమట, ఆటోనగర్ కొట్లకి వేస్తాడంట."

నేను మావాడి వైపు తిరిగాను. ఇంకేం కావాలి? నది, అయస్కాంతం, భాయి, నా పళ్ళెం. గొలుసులో ఒక్క లంకె కూడా తప్పలేదు. కథ మిగతా సగం దొరికింది. వాడు మాత్రం ఆయన్ని పట్టుకున్నాడు.

"అమ్మకి వేసినవి తియ్యొచ్చా అండీ?"

"అమ్మ ఇస్తేనే కదండీ తీసేది. ఇవ్వనివి ఇవ్వదు."

"ఏవి ఇవ్వదు?"

"ఇత్తడివి అంటుకోవండి. పాత రూపాయి ఉంటుంది చూడండి, పెద్దది, బరువుది. అదీ అంటుకోదు. అవి అక్కడే ఉంటాయి."

మావాడి మొహం వెలిగింది. అర్థమైందనుకుని నేనూ సంతోషించాను. అర్థమైంది, కానీ వాడి పద్ధతిలో.

"బావా! ఆ తల్లి వద్దనలేదు. నేనే ఇనుప రూపాయి వేశాను. నాదే తప్పు. పాత రూపాయి వేస్తే పుచ్చుకునేది."

అరవై ఏళ్ళు చదివిన కాగితాలన్నీ ఆ నీళ్ళలో కలిపేస్తే పోలా అనిపించింది. తర్వాత డొక్క పట్టుకుని బల్ల మీద కూర్చున్న మనిషి గుర్తొచ్చింది.

"సరే. పాతది వేస్తే చేయిస్తావా?"

"చేయిస్తాను."

"నీ నోటితో నువ్వే చెప్తావా ఆమెకి?"

"నేనే చెప్తాను."

"అయితే జేబులో ఐదు రూపాయల ఇత్తడి బిళ్ళ ఉంది, ఇప్పుడే వెయ్యి, పోదాం."

"మొక్కింది రూపాయి బావా. ఐదు వేస్తే మిగతా నాలుగూ ఎవరి మొక్కులోకి పోతాయి?"

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, బుధవారం పొద్దున నేను టీ కాచలేదు. రేడియో రిపేరు కొట్లో ఒక అయస్కాంతం అడిగి తెచ్చి, కొట్లో ఉన్న రూపాయల చుట్టలన్నీ విప్పి, దానికి అంటని పాత రూపాయి కోసం వెతికాను. అన్నీ అంటుకున్నాయి. అంటుకోవా మరి? అయస్కాంతంతో ఏరిన చిల్లరలో అయస్కాంతానికి అంటని బిళ్ళ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ మాట మావాడితో అంటే, "అవును కదూ!" అని దాన్ని కూడా ఒక వింతగా లెక్కవేసుకున్నాడు.

భాయికి ఫోను చేశాను. మధ్యాహ్నానికి నవ్వుకుంటూ వచ్చాడు. "ఇవి నది చుట్టలు కాదండీ, చర్చి చుట్టలు," అని రెండు నా ముందు పెట్టాడు. చర్చిలో ఆదివారం కానుకల సంచిలో పడ్డ చిల్లరట. ముసలమ్మలు డబ్బాల అడుగున దాచుకున్నవి తెచ్చి వేస్తుంటారు కాబట్టి పాతవి అక్కడే దొరుకుతాయన్నాడు. రెండో చుట్ట మధ్యలో ఉంది, పెద్దదీ బరువైనదీ, అంచులు అరిగి నున్నగా. అయస్కాంతం పెడితే కదల్లేదు.

ఏసుప్రభువుకి వేసిన రూపాయి, సాయిబు గారి చేతి మీదుగా, నాలాంటి నాస్తికుడి పళ్ళెంలోంచి, కృష్ణమ్మకి పోతోంది. ఇన్నేళ్ళలో ఆ పళ్ళెంలో పడ్డ వింత ఏదైనా ఉంటే అదొక్కటే. మావాడు దాన్ని గమనించనే లేదు. జేబులోంచి పేర్లు కొట్టే పెన్నంత మిషను తీస్తున్నాడు.

"మళ్ళీనా!" అని అరిచాను.

"పేరు లేకపోతే ఎవరిదో ఆవిడకెలా తెలుస్తుంది?"

పేరుంటే అది మళ్ళీ ఏ దారినో వచ్చి వీడి చేతిలో పడుతుందేమోనని నా భయం. పడదని నాకు తెలుసు. అయినా వీడి అదృష్టాన్ని నమ్మలేను. తప్పనిసరై వీడి భాషలోనే మాట్లాడాను.

"పేరూ ఊరూ మొదటిసారే రాశావు కదరా. చదువుకునే కదా తిప్పి పంపింది. అడ్రసు ఆవిడ దగ్గరుంది."

వాడు ఆలోచించాడు. తల ఊపాడు. మిషను జేబులో పెట్టుకున్నాడు. నాలుగు తరాల తర్కశాస్త్రం చెప్పినా లొంగనివాడు ఈ ఒక్క మాటకి పిల్లిలా లొంగిపోయాడు. భాయి నోటికి కండువా అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఈసారి రైలు కోసం ఆగలేదు. ఆటోలో వెళ్ళి ఘాటు మెట్ల మీద నుంచి వేయించాను. వాడు కళ్ళు మూసుకుని మొక్కుకుంటున్నంతసేపూ నేను చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. సాయంత్రం వాడింటికి వెళ్ళి, నా ముందే ఆమెకి చెప్పించాను. "రేపు వెళ్దాం. అమ్మ ఒప్పుకుంది," అన్నాడు. ఆమె నా మొహం చూసింది. ఏం చూసిందో గానీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళి, ఆస్పత్రికి కావలసిన బట్టలు సర్దుకుంది. నేను ఫోను చేసి వస్తున్నామని చెప్పాను.

గురువారం ఆపరేషను జరిగింది. గంట కూడా పట్టలేదు. రాయి ఒకటి అప్పటికే గొట్టం మూతి దగ్గరికి వచ్చి ఉందనీ, ఇంకో వారం ఆగి ఉంటే కష్టమయ్యేదనీ డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు. మావాడు ఆయనకి దణ్ణం పెట్టి, తర్వాత కిటికీలోంచి నది ఉన్న దిక్కుకి కూడా పెట్టాడు.

శుక్రవారం పొద్దున వార్డుకి వెళ్ళాను. ఆమె ఒక్క దిండు మీద, వెల్లకిలా పడుకుని ఉంది. రాత్రంతా అలాగే పడుకున్నానంది. మంచం పక్కన మావాడు, డాక్టరు ఇచ్చిన చిన్న సీసాలో రాళ్ళు వెలుతురుకి పెట్టి చూస్తున్నాడు.

"చూశావా బావా? అక్కడ వేశాం, ఇక్కడ పనయింది."

"మరి ఈ కడుపు కోసిందెవర్రా?"

"ఆయన్ని కాదన్నానా? ఆయన చేత చేయించింది ఎవరంటున్నాను. ఇంకోటి చూశావా, సరిగ్గా ఐదు రాళ్ళు. మా పెళ్ళి ఐదో తారీఖు."

ఆమె కళ్ళు తెరవకుండానే, "అన్నయ్యగారూ, ఆయన్ని తీసుకుని బయటికి వెళ్ళి పోట్లాడుకోండి. నాకు నిద్రొస్తోంది," అంది. అంటూనే నిద్రపోయింది.

వరండాలోకి వచ్చాం. నాకు నోటినిండా మాటలున్నాయి, మూడు రోజులుగా దాచుకున్నవి. వార్డు తలుపు మూయనివ్వరట. అక్కణ్ణుంచి చూస్తే ఆమె నోరు కాస్త తెరుచుకుని, కాళ్ళు బారజాపి హాయిగా పడుకుని కనిపిస్తోంది. అందుకని వాడి రెక్క పట్టుకుని, రెండంతస్తుల మెట్లు దింపి, కింద క్యాంటీన్ దాకా లాక్కెళ్ళి, అక్కడ మొదలుపెట్టాను.